పరమాన్నము విరిగిన వేళ

పొయ్యి వెలుగని యిల్లు ఎక్కడనైన నుండవచ్చును గాని, వెలిగిన పొయ్యిపై ఎన్నడును పొరపాటు జరుగని యిల్లు మాత్రము లేదు. అన్నము అడుగంటుట, చారులో ఉప్పు రెండుమార్లు పడుట, పెరుగు తోడుకొనకుండుట, రాత్రి రుబ్బి యుంచిన పిండి తెల్లవారునప్పటికి గిన్నె దాటి గట్టుమీదికి వచ్చి కూర్చుండుట - ఇవి ఏ చరిత్రగ్రంథమునకును ఎక్కని సంఘటనలు. అయినను ఒక కుటుంబపు స్వభావమును తెలిసికొనగోరువారు దాని ఆస్తిపాస్తులను విచారింప నక్కరలేదు. వంట చెడిన దినమున ఆ యింట మొట్టమొదట పుట్టు ప్రశ్న యేదో వినిన చాలును.

పెక్కు యిండ్లలో ఆ ప్రశ్న "ఎవరు చేసిరి?" అనునదియే. కొలది యిండ్లలో మాత్రము "ఎందుకిట్లయినది?" అని అడుగుదురు. మొదటి ప్రశ్నకు సమాధానముగా ఒక మనిషి దొరకును. రెండవదానికి ఒక కారణము దొరకును. మనిషిని నిందించినందున మరునాటి వంట బాగుపడదు. కారణము తెలిసినచో బాగుపడును.

పరమాన్నమునే ఉదాహరణముగా తీసికొనవచ్చును. రథసప్తమినాడు పిడకల నిప్పుపై పాలు పొంగించి, అందు బియ్యము వండి, బెల్లము కలిపి, చిక్కుడాకులలో సూర్యునకు నివేదించుట తెలుగుయిండ్ల ఆచారము. అట్టి పండుగనాడు, పాలు సలసల కాగుచుండగానే తొందరపడి ఎవరో బెల్లము వేసిరనుకొనుడు. చూచుచుండగానే చిక్కని పాలు పలుకులు పలుకులుగా విడిపోవును. పచ్చని నీరు పైకి తేలును. వెంటనే ఇంటిల్లిపాది అచట చేరుదురు. గిన్నె సరిగా కడుగలేదని ఒకరు, పాలవాడు మోసగించెనని ఒకరు, పండుగపూట ఇది మంచి శకునము కాదని మరియొకరు. ఇన్ని మాటలలోను బెల్లము మాట మాత్రము రాదు.

నిజమునకు అచట జరిగినది శకునమును కాదు, మోసమును కాదు. ఆవుపాలలోని మాంసకృత్తులలో నూటికి 80 వంతులు కేసీన్ అను పదార్థము. అది కంటికి కనబడనంత చిన్న చిన్న రేణువులుగా పాలలో తేలుచుండును. ఆ రేణువులన్నియు ఒకే జాతి విద్యుదావేశమును ధరించియుండుటచే ఒకదానినొకటి దూరముగా నెట్టుకొనుచుండును. అందుచేతనే పాలు పాలుగా నిలిచియున్నవి. పులుపు చేరగానే ఆ ఆవేశము తగ్గును. నెట్టుకొనుట మాని రేణువులు ఒకదానికొకటి అంటుకొనును. పులుపును కొలుచు పి.హెచ్. మానములో తాజాపాల విలువ సుమారు 6.6. ఇంటి వేడిమిలో నున్న పాలు విరుగవలెనన్న ఆ విలువ 4.6 దాకా దిగవలెను. కాగుచున్న పాలకు అంత పులుపు అక్కరలేదు. కొద్దిపాటి పులుపునకే అవి విరిగిపోవును. బెల్లము నాలుకకు తీపియే గాని, చెరకురసమునుండి వచ్చిన ఆమ్లములును ఖనిజ లవణములును అందు కొంత మిగిలియుండును. కాగెడి పాలలో ఆ కొంచెమే చాలును.

అందుచేతనే అనుభవజ్ఞులైన గృహిణులు బెల్లమును వేరుగా కరగించి, వడగట్టి, పరమాన్నపు గిన్నె దింపి వేడి తగ్గిన పిదప గాని కలుపరు. వారు పి.హెచ్. మానమును ఎరుగరు. కేసీన్ పేరు వినియుండరు. అయినను ఎన్ని తరములనాడో ఏదో యింట విరిగిన పరమాన్నము ముందు ఎవరో నిలిచి, "ఎందుకిట్లయినది?" అని తమలో తాము ప్రశ్నించుకొనియుండవలెను. "దింపిన తరువాత వేయుము" అను మూడు మాటల సూత్రము ఆ ప్రశ్నకు దొరకిన సమాధానము.

విరిగినది విషమును కాదు. తాజాపాలు పులుపు తగిలి విరిగినచో ఆ విరుగుడు తినదగినదే. కావలెనని పాలు విరిచి, ఆ ముద్దతో మిఠాయిలు చేసి ఖ్యాతిగాంచిన ప్రాంతములు వంగదేశమును ఒడిశాయును. రసగుల్లా తమదనగా తమదని ఆ రెండు రాష్ట్రములును వాదులాడుకొన్నవి. తుదకు పశ్చిమ బెంగాలు రసగుల్లాకు 2017లోను, ఒడిశా రసగోలాకు 2019లోను వేరువేరుగా భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక యింట కన్నీరు తెప్పించిన విరుగుడు మరియొక చోట కీర్తికి కారణమగుచున్నది.

పప్పు విషయమును ఇట్టిదే. గంటసేపు కాగినను కందిపప్పు పలుకుగానే నిలిచిపోయిన దినములు ప్రతి యింటను ఉండును. పప్పుగింజలోని కణములను ఒకదానితో నొకటి అంటించి యుంచునది పెక్టిన్ అను జిగురుపదార్థము. మరుగునీటిలో అది కరగినప్పుడే గింజ మెత్తబడును. పులుపు ఆ కరగుటను అడ్డును. కావుననే మామిడికాయ పప్పునకైనను, గోంగూర పప్పునకైనను పప్పు మెత్తబడిన తరువాతనే పులుపు చేర్చుట మేలు. నీటిలో సున్నపు లవణములు అధికముగా నున్నను ఆ జిగురు గట్టిపడును. "ఆ బావినీటితో పప్పు ఉడుకదు" అని పల్లెలలో చెప్పుకొను మాట వట్టి నమ్మకము కాదు. బడిలో ఉపాధ్యాయుడు కఠిన జలమని చెప్పు పాఠమే అది. త్వరగా ఉడుకుటకై చిటికెడు వంటసోడా వేయువారు కలరు. సోడా పప్పును మెత్తబరచును గాని, అందలి బి-1 విటమినును చాలవరకు నశింపజేయును.

పొంగి పారిన పిండి కథ వేరు. మినుములతో వచ్చిన సూక్ష్మజీవులు, ముఖ్యముగా ల్యూకోనోస్టాక్ జాతికి చెందినవి, రాత్రియంతయు పిండిలోని చక్కెరలను ఆహారముగా గొని బొగ్గుపులుసు వాయువును విడుచును. మినపపిండి జిగట ఆ వాయువును బయటికి పోనీయక బుడగలుగా పట్టియుంచును. ఎండకాలమున అవి ఉత్సాహముగా పనిచేయును, చలికాలమున మందగించును. పెరుగు తోడుకొనకుండుటకును చలియే కారణము. గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యిప్రక్కన నుంచిన అవ్వ, చలికి ముడుచుకొన్న ఆ కనబడని పనివారికి కంబళి కప్పినట్లే చేసినది.

పసుపు సంగతి మరియు వింత. కూర వడ్డించునప్పుడు తెల్లని పంచెపై పడిన పసుపుమరకను సబ్బుతో రుద్దగా అది ఎఱ్ఱబడును. చూచినవారు ఉలికిపడుదురు. పసుపులోని కుర్కుమిన్ అను రంగు క్షారము తగిలినచో ఎఱుపెక్కును, సబ్బునీరు క్షారము. అదే చోట నిమ్మరసము పిండినచో మరల పచ్చబడును. ఆ బట్టను ఎండలో ఆరవేసినచో వెలుతురునకు ఆ రంగు క్రమక్రమముగా వెలిసిపోవును. ఈ రహస్యము తెలుగుయిండ్లకు క్రొత్త కాదు. పెండ్లిలో పాదములకు దిద్దు పారాణియు, దిష్టి తీయు ఎఱ్ఱనీళ్లును పసుపు, సున్నము కలిపినవే గదా! వేడుకలో చేతితో చేయుచున్న ప్రయోగమునే మరకలో చూచి ఆశ్చర్యపడుచున్నారు.

ఇంతవరకు చెప్పినవాటిలో నష్టము స్వల్పము. గిన్నెడు పాలు, శేరెడు పప్పు, ఒక పంచె. కాని కారణమును అడుగని అలవాటు కొన్ని వేళల ప్రాణముల మీదికి తెచ్చును.

పిండివంటలు చేయునాడు చేగోడీలు నూనెలో ఫట్టున పేలుట అందరు నెరిగినదే. పైపొర ముందుగా గట్టిపడి లోపలి తడికి దారి లేకపోయినచో, ఆ తడి ఆవిరియై పొరను పగులగొట్టుకొని వచ్చును. మరుగు వేడిమిలో నీరు ఆవిరియైనప్పుడు దాని పరిమాణము 1,600 రెట్లు పెరుగును. ఒక్క బొట్టు నీటికే అంత బలము. ఇక బాణలిలో నూనె అతిగా కాగి మంటలంటుకొన్నప్పుడు చెంబెడు నీరు పోసినవారి గతి ఏమగును? నీరు నూనెకంటె బరువు. అడుగునకు దిగి, అచట ఒక్కపెట్టున ఆవిరియై, మండుచున్న నూనెను ఇంటికప్పు దాకా ఎగజిమ్మును. నిప్పునకు నీరే విరుగుడని చిన్ననాటినుండి నేర్చిన చేయి ఆ క్షణమున చెంబును వెదకును. చేయవలసినది వేరు: పొయ్యి కట్టవలెను, బాణలిపై పొడి మూత నొకదానిని ప్రక్కనుండి జార్చి కప్పవలెను, అది చల్లారువరకు కదపరాదు. గాలి అందనిచో మంట దానంతటదియే చచ్చును.

చేయి కాలినప్పుడును ఇట్టి తొందరపాటే. సిరా, పండ్లపొడి, దోసెపిండి - చేతికందినది పూయుదురు. కాలినచోట 20 నిమిషములు చల్లని కుళాయినీరు పారనిచ్చుట మొదటి చికిత్స. మంచుగడ్డ పెట్టరాదు. గాయము పెద్దదైనను, ముఖముపై నైనను వెంటనే వైద్యుని కడకు పోవలెను.

కుక్కరు విషయము ఇంతకంటె బోధకరము. ఆవిరిని బంధించి వండు పాత్రను 1679లో లండనులో ప్రదర్శించినవాడు ఫ్రాన్సు దేశీయుడైన డెనీ పాపెన్. బంధించిన ఆవిరి పాత్రను పగులగొట్టకుండ, హద్దు మీరినప్పుడు దానిని బయటికి విడుచు రక్షణకవాటమును సమకూర్చినవాడును ఆయనయే. నేటి కుక్కరుమూతపై నున్న సేఫ్టీవాల్వు దాని సంతతియే. బయట 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగు నీరు కుక్కరులో సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కును గనుక వంట త్వరగా ముగియును. అయితే పప్పునురుగును పొట్టును ఆవిరిగొట్టములో ఇరుకుకొన్నచో ఈల రాదు. ఒత్తిడి మాత్రము పెరుగుచుండును. అందుకే పప్పు వండునప్పుడు పాత్రలో సగమునకు మించి నింపరాదనియు, ప్రతిదినము గొట్టమును వెలుతురునకు పట్టి చూడవలెననియు తయారుచేయువారు చెప్పుదురు.

ఇప్పుడు ఒక యింటిని ఊహింపవలెను. అచట ఒక కోడలు గాని, పనికి కుదిరిన పడుచుగాని వంట చేయుచున్నది. రెండు దినములనుండి కుక్కరు ఈల సరిగా వచ్చుటలేదు. ఆమె గమనించినది. కాని చెప్పినచో "నీవే పాడుచేసితివి" అందురేమోయని భయము. చెప్పలేదు. మూడవనాడు ఏమి జరిగినను ఆశ్చర్యము లేదు. "ఎవరు?" అను ప్రశ్నకు భయపడిన నోరు "ఎందుకు?" అను ప్రశ్నను లోలోననే చంపుకొనును. నింద వలన కలుగు నష్టము ఇదియే: అది జరిగిన తప్పును దిద్దదు సరిగదా, జరుగబోవు ప్రమాదమును సైతము దాచిపెట్టును.

తెలుగువారికి ఈ సంగతి బాగుగా తెలియును. "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ" అని సామెత పుట్టించినవారు వారే. కుండ పగులుటకు మట్టి, కాల్పు, చేయిజారుట - ఏదో ఒక కారణముండును. సామెతలోని ఇల్లు ఆ కారణమును వెదకలేదు. పగులగొట్టినవారి స్థానమును చూచి తీర్పు చెప్పినది. అత్తది కుండదోషము, కోడలిది మనిషిదోషము. పూర్వులు నవ్వుచు చెప్పిన ఈ మాటలో ఎందరి నిట్టూర్పులో దాగియున్నవి. నేడు పొయ్యి మారినది, కుండ పోయి స్టీలుగిన్నె వచ్చినది, పట్టణములలో అత్తాకోడండ్రు ఒకే కప్పు క్రింద నుండుటయు తగ్గినది. ఉప్పు ఎక్కువైన కూరను భర్త ప్రక్కకు నెట్టు విధానమున మాత్రము ఆ పాత తీర్పు కొన్ని యిండ్లలో ఇంకను వినవచ్చుచునే యున్నది.

వంటింటిలో పుట్టిన ప్రశ్నను నింద అణచివేయక పోయినచో అది ఎంతదూరము పోగలదో తెలుపు చరిత్ర యొకటి జర్మనీలో జరిగినది. అగ్నెస్ పోకెల్స్ 1862లో జన్మించినది. బ్రౌన్‌ష్వైగ్ నగరమున బాలికల పాఠశాలలో చదివినది. విజ్ఞానశాస్త్రముపై ఆమెకు మక్కువ మెండు. కాని ఆ దినములలో అచటి విశ్వవిద్యాలయములు స్త్రీలను చేర్చుకొనెడివి కావు. తలిదండ్రులు అనారోగ్యవంతులు. వంటయు, గిన్నెలు తోముటయు, రోగులకు పరిచర్యయు ఆమె పాలబడినవి. గిన్నెలు కడుగు నీటిపై జిడ్డు తేలినప్పుడు నీటి పైపొర ప్రవర్తన మారుటను ఆమె చూచినది. గిన్నెలు తోమువారందరును దానిని చూచినవారే. ఆమె "ఎందుకు?" అని అడిగినది.

రేకుతొట్టి యొకటి, దానిలోని నీటిపై అడ్డముగా జరుపుటకు లోహపుబద్ద యొకటి, చిన్న త్రాసు - ఇవియే ఆమె పరికరములు. ఇరువది యేండ్లు దాటీ దాటని వయసున మొదలిడి, జిడ్డు ఎంత చేరినచో నీటి తలతన్యత ఎంత తగ్గునో ఏండ్ల తరబడి కొలిచి వ్రాసికొన్నది. గోటింజెనులో భౌతికశాస్త్రము చదువుచున్న తమ్ముడు ఆమెకు గ్రంథములు సమకూర్చెడివాడు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ ఇదే విషయమున పరిశోధించుచున్నాడని తెలిసి, 1891 జనవరిలో ఆయనకు జర్మనుభాషలో లేఖ వ్రాసినది. రేలీ ఆ లేఖను ఆంగ్లములోనికి మార్పించి 'నేచర్' పత్రికకు పంపగా, అదే సంవత్సరము మార్చిలో అది అచ్చయినది. తరువాతి కాలమున అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అట్టి తొట్టినే మెరుగుపరచి పరిశోధనలు సాగించి, 1932లో నోబెల్ బహుమానమును పొందెను. అదే 1932లో బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాలయము పోకెల్స్‌ను గౌరవ డాక్టరు పట్టముతో సత్కరించినది. అప్పటికి ఆమెకు 70 ఏండ్లు. మూడేండ్లకు, 1935లో, ఆమె మరణించినది.

రేలీ ఆ లేఖ నందుకొని "ఎవరీమె? ఏమి చదివినది?" అనుటతో ఆగియుండినచో కథ అచటనే ముగిసెడిది. ఆయన లేఖలోని విషయమును చూచెను. ప్రతి యింట ఒక పోకెల్స్ కలదని చెప్పుట అతిశయోక్తి యగును. కాని ప్రతి వంటింటను ఆమె చూచిన నీరు కలదు, ఆ జిడ్డు కలదు, దానిని దినమునకు రెండుమార్లు చూచు కన్నులును కలవు. ఆ కన్నులు చూచినదానిని నోరు నిర్భయముగా చెప్పగల వాతావరణము కలదా యనునదే ప్రశ్న.

ఈ వాతావరణమును నిర్మించుటలో పాఠశాలకు పాత్ర కలదు. లెక్క తప్పిన బాలుని నిలువబెట్టి "ఎవడురా ఇట్లు చేసినది?" అని గర్జించు తరగతిలో తరువాతి తప్పులు పలకచాటున దాగును. "ఏ మెట్టు దగ్గర దారి తప్పినది?" అని అడుగు తరగతిలో తప్పు బల్లమీదికి వచ్చి కూర్చుండును, నలుగురును దానిని చూచి నేర్తురు. పసుపులో తడిపి ఆరబెట్టిన కాగితముతో ఆమ్లక్షారములను పరీక్షించు ప్రయోగమును పిల్లలు బడిలో చేయుచునేయున్నారు. దానికి కొనసాగింపుగా ఉపాధ్యాయుడు ఒక చిన్న ఇంటిపని నీయవచ్చును: ఈ వారములో ఇంటి వంటలో జరిగిన ఒక పొరపాటు లేక ఒక వింత ఏది, దానికి ఇంటిలోనివారు చెప్పిన కారణమేది, దానిని పరీక్షించుట ఎట్లు? పుస్తకములో ఒక పుట చాలును. ఖర్చు లేదు. పొయ్యిదగ్గరి పరీక్షలు పెద్దల యెదుటనే జరుగవలెనని మాత్రము హెచ్చరింపవలెను.

ఈ పని బాలికలకే పరిమితము చేసినచో ప్రయోజనము సగమే. బాలురు దీనిని తప్పక చేయవలెను. వంటింటి గడపలో నిలిచి "అన్నమయినదా?" అని తప్ప తల్లిని వేరొక ప్రశ్న అడిగి యెరుగని కుర్రవాడు, చేత పుస్తకము పట్టుకొని, "అమ్మా, బెల్లము ముందే ఎందుకు వేయవు?" అని అడుగును. ఆమె మొదట నవ్వును. "అది అంతే" అనును. తరువాత గరిటె ప్రక్కన పెట్టి, తన అత్తగారు చెప్పినదియు, ఒకనాడు పాలు విరిగినప్పుడు తాను తెలిసికొన్నదియు చెప్పుటకు మొదలిడును. ఆమెకు ఏదో తెలియునని, అది పుస్తకములో వ్రాసికొనదగినదని, ఆ యింట మొదటిసారి ఒకరు గుర్తించిన దినమగును అది.